ఆరో నంబరు బూట్లు

హాస్టళ్లలో ఆయాలుగా కొత్తగా చేరిన అమ్మాయిలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. పని ఎలా ఉంటుంది, ఏమేం నేర్చుకోవాలి అని అడుగుతారు. పేలు తీయడం, జ్వరమొచ్చిన పిల్ల పక్కన కూర్చోవడం, పండక్కి ఇంటికి పోయి తిరిగిరాని పిల్లను వెతుక్కుంటూ ఊరికి పోవడం, ఇవన్నీ చేస్తూ ఉంటే వస్తాయని చెబుతాను. చేస్తూ ఉన్నా రానిది ఒకటుంది. అది చెప్పాలంటే నా తప్పు ఒకటి చెప్పాలి. ఉద్యోగంలో తప్పులు చాలా చేశాను. యాభై మంది తాగే పాలు మాడబెట్టాను. కలెక్టరుగారు వస్తున్నారని పిల్లలందరికీ ఒకేసారి తలంటి, ఆయన వచ్చేసరికి అందరినీ తడి జుట్టుతో నిలబెట్టాను. అవన్నీ నవ్వుతూ చెప్పగలను. ఇది మాత్రం నవ్వుతూ చెప్పలేను.

మాది భద్రాచలం వెళ్లే దారిలో అడవి మొదలయ్యే చోట ఉన్న ఆడపిల్లల ఆశ్రమ పాఠశాల. చదువు, పడక, తిండి అన్నీ అక్కడే. పిల్లలు ఎక్కువగా లోపలి కోయ గూడేల నుంచి వచ్చేవాళ్లు. నేను రోజుకూలి మీద చేరిన ఆయాను. పర్మినెంటు చేయమని నా కాగితాలు ఇది జరిగేనాటికి రెండేళ్లుగా ఆఫీసులో తిరుగుతున్నాయి. నాకు చదువు లేదు. జీతం తీసుకునేటప్పుడు వేలిముద్ర వేసేదాన్ని. పిల్లలు నన్ను ఆయమ్మా అనేవాళ్లు. వాళ్లను చూసి టీచర్లు కూడా అలాగే పిలిచేవాళ్లు.

రెండువేల సంవత్సరం దాటి నాలుగైదేళ్లయి ఉంటుంది. ఖమ్మం నుంచి ఆటల టీచరు ఒకామె బదిలీ మీద వచ్చింది. అక్కడ ఖానాపురం హవేలి అనే పేటలో సొంత ఇల్లు. సోమవారం తెల్లవారుజామున బస్సెక్కి వచ్చి శనివారం దాకా మాతోనే ఉండేది. వచ్చిన నెలకే వడ్లు ఆరబోసుకునే సిమెంటు కళ్లానికి ఒక చివర ఇనుప స్తంభం పాతించి, దానికి రింగు బిగించి, పిల్లలకు బాస్కెట్‌బాల్ నేర్పడం మొదలుపెట్టింది. మా వంటామె కిటికీలోంచి చూసి, "అడుగులేని బుట్టల బంతి ఏసుడేంది మేడం? జర అడుగు కుట్టియ్యరాదు" అన్నది. మేడం నవ్వి నవ్వి కూలబడింది.

పిల్లలు ఉత్త కాళ్లతోనే ఆడేవాళ్లు. అందులో ఎనిమిదో తరగతి పిల్ల ఒకతి ఉండేది. వాగు అవతల గూడెం. మూడో తరగతిలో చేరినప్పుడు తెలుగు ఒక్క ముక్క రాదు. రాత్రుళ్లు నా కొంగు పట్టుకుని నిద్రపోయేది. ఇప్పుడు నాకంటే జానెడు ఎత్తు. వేగంగా ఉరికొచ్చి ఒక్కసారిగా ఆగిపోయేది. ఎదుటివాళ్లు ఆ ఊపులో ముందుకు పోయేవాళ్లు, ఈమె వెనక్కి తిరిగి బంతి వేసేది. "గా ఆగుడు ఎవరు నేర్పిన్రు నీకు?" అని మేడం అడిగితే, "ఎవరు నేర్పుతరు మేడం, మేకలెంబడి తిరిగితె అదే వస్తది" అన్నది.

ఆ పిల్లకూ నాకూ మధ్య ఇంకో సంగతి ఉండేది. అది మా ఇద్దరికే తెలుసు. పిల్లల ట్రంకు పెట్టెల మీద నంబర్లు ఉంటాయి. నాకు చదవడం రాక ఒకరి బట్టలు ఇంకొకరి పెట్టెలో పెట్టేదాన్ని. ఒకరోజు ఆ పిల్ల, "ఆయమ్మా, పది అంకెలే గద, నేర్పిస్త పా" అన్నది. సాయంత్రం గిన్నెలు కడిగాక, వంటామె ఇంటికి పోయాక, అన్నం గుండిగ మూత బోర్లించి దాని మీద సుద్దముక్కతో రాయించేది. నా ఐదు కొంకి లేకుండా వచ్చేది. నా ఎనిమిది కూలిపోయేది. రెండు నెలల్లో ఒకటి నుంచి పది దాకా వచ్చేశాయి. కానీ ఎవరికీ చెప్పొద్దని దానితో ఒట్టు వేయించుకున్నాను. ముసలితనంలో బడికి పోతున్నదని వంటామె ఎగతాళి చేస్తుందని నా భయం. "నా మీదొట్టు, ఎవ్వరికి జెప్ప" అన్నది ఆ పిల్ల.

ఆ ఏడాది హైదరాబాద్ దగ్గర ఉన్న ఆటల బడికి ఖమ్మంలో పిల్లలను ఎంపిక చేస్తున్నారని కబురొచ్చింది. అందులో సీటు వస్తే చదువు, తిండి, ఆట అన్నీ వాళ్లే చూసుకుంటారు. పెద్దయ్యాక పోలీసులోనో రైల్వేలోనో ఆటగాళ్ల కోటాలో ఉద్యోగం కూడా దొరకొచ్చు. మేడం ఆరుగురిని ఎంచింది. అందులో ఈ పిల్లకు ఇదొక్కటే అవకాశం, వచ్చే ఏడు వయసు దాటిపోతుంది. "మిగతా ఐదుగురి సంగతి చెప్పలేను గని, నీకు మాత్రం రాకుంట ఉండది" అని మేడం అందరి ముందే అన్నది. ఆ మాట విని ఆ పిల్ల నాయన వాగు దాటి వచ్చి మా వంటింటి ముందు చాలాసేపు కూర్చున్నాడు. "అన్నం పెడతరా ఆడ?" అని ఒక్కటే అడిగాడు. పెడతారని చెప్పాను.

చిక్కల్లా బూట్లతో వచ్చింది. బూట్లు లేకుండా కోర్టులోకి రానివ్వరట. మేడం దగ్గర తన కాలేజీ రోజుల జత ఒకటి ఉండేది. తెల్లటి కాన్వాసు, చీలమండ దాటి పైకి వచ్చే ఎత్తు, వేళ్ల మీద టోపీ పెట్టినట్టు రబ్బరు, పక్కన గుండ్రటి ముద్ర. ఎన్నో ఏళ్ల నుంచి ఈ ఆటకు అవే పేరున్న బూట్లు అని చెప్పింది. "గిసొంటియి ఆరు జతలంటే మనం ఉగాది దాకా ఉత్త చారు పొయ్యాలె పిల్లలకు" అన్నది వంటామె. అసలు కంపెనీవి మనకు అందవు, అచ్చం ఇలాగే ఉండే తక్కువ ధరవి ఖమ్మంలో దొరుకుతాయి, వాటిలోనే మంచివి ఏరుకోవాలి అని మేడం నిర్ణయించింది.

పిల్లలందరినీ కాగితాల మీద నిలబెట్టి, పాదం చుట్టూ పెన్సిలుతో గీసి, స్కేలుతో కొలిచి, పేర్ల ఎదురుగా నంబర్లు రాసింది. బూట్లు కొనడానికి ఖమ్మం పోవాల్సిన ముందురోజు ఆమెకు చలిజ్వరం పట్టుకుంది. మలేరియా. మంచం మీద వణుకుతూనే నాకు చెప్పింది.

"ఆయమ్మా, బూటును చేత్తో వంచి చూడు. వేళ్ల దగ్గర వంగాలె, నడుమల వంగొద్దు. సోలు ఊరికె అతికిచ్చిండా, కుట్టిండా చూడు. నంబర్లు దుకాణమాయనే చదువుకుంటడు, కాగితం ఇయ్యి. బొటనవేలి ముందు సగం వేలు ఖాళీ ఉంటె సాలు, అంతకు మించొద్దు."

ఆ రోజు నేను చాలా గర్వంగా పోయాను. హాస్టల్ సామాను కొనడానికి నన్ను ఒక్కదాన్నే పంపడం అదే మొదటిసారి. రెండు మూడు దుకాణాలు తిరిగి, బస్టాండుకు దగ్గరలో చివరికి ఒక దుకాణంలో కూర్చున్నాను. ఆయన నడివయసు మనిషి. మూడు రకాలు ముందు పెట్టాడు.

మొదటిది చూడ్డానికి తళతళ మెరిసింది. రబ్బరు టోపీ అంచులో గోరు పెట్టి లాగితే ఊడి వచ్చింది. రెండోది వంచితే సగానికి, అరిపాదం నడుమ విరిగినట్టు వంగింది. మూడోది కొంచెం మోటుగా ఉంది గానీ సోలు చుట్టూ కుట్టు ఉంది, వేళ్ల దగ్గరే వంగింది. చీలమండ దగ్గర బట్ట రెండు పొరలు. నేను దాన్నే పట్టుకున్నాను.

"ఏమ్మా, బూట్ల కంపెనీల పనిజేసినవా?" అన్నాడాయన.

"గిన్నెలు కొన్నా గిట్లనే కొడ్త అన్నా, చప్పుడు చూసి."

"మంచిదే ఏరినవ్. మిగతా రెండు అమ్ముత గని, నా ఇంటికి మాత్రం తీస్కపోను" అని నవ్వాడు.

కాగితం చూసి ఐదు జతలు తీశాడు. మిగిలిన జత నాకు అంకెలు నేర్పిన నా పిల్లది, జాబితాలో మొదటి పేరు దానిదేనని మేడం చెప్పి పంపింది. పక్కన ఐదు రాసి ఉంది. ఆ అంకె నాకు బాగా తెలుసు, దాని కొంకి కోసం చేతులు నొప్పి పుట్టేలా రాశాను. ఆయన ఐదో నంబరు డబ్బా తెరిచి జత ముందు పెట్టాడు. "ఈ రకంల ఐదు ఇదొక్కటే ఉన్నదమ్మా" అన్నాడు.

నేను దాన్ని చేతిలోకి తీసుకున్నాను. నాకు చిన్నగా అనిపించింది.

మా ఇళ్లలో పిల్లలకు సరిగ్గా సరిపోయే చెప్పులు ఎవరూ కొనరు. సంతలో కొన్నా, ఎవరైనా ఇచ్చినా వేలెడు పెద్దవే చూస్తారు. ముందు గుడ్డముక్క కుక్కి తొడుగుతారు. పిల్ల పెరుగుతుంది, గుడ్డ తీసేస్తారు, ఇంకో రెండేళ్లు వస్తాయి. సరిపోయేది కొంటే ఆ తల్లికి ముందుచూపు లేదంటారు. నా మొదటి చెప్పులు కూడా అలాంటివే, పురికొసతో మడమకు కట్టుకుని తిరిగాను. మిగతా ఐదుగురికి నేను మేడం రాసిన నంబర్లే తీసుకున్నాను. వాళ్లకు రాసింది రాసినట్టు చాలనిపించింది. నా పిల్లకు మాత్రం ఇంకొంచెం ఎక్కువ చేయాలనిపించింది. హైదరాబాద్ పోతుంది, అక్కడ కొనిచ్చేవాళ్లు ఉండరు, పదో తరగతి దాకా రావాలి కదా అనుకున్నాను.

"ఇది తీసెయ్ అన్నా. ఆరు ఇయ్యి."

"కాయిదంల ఐదున్నది గదమ్మా."

"పెరిగే పిల్ల. ఆరు ఇయ్యి."

ఆయన కళ్లద్దాలు తీశాడు. "అమ్మా, బడికి పోయే బూట్లయితే నేనే ఆరు ఇస్తుంటి. ఇవి ఆటకు. కాలు లోపట జారిందంటె ఆడలేరు. నామాటిను."

"పిల్లలను సాకినదాన్ని నాకు తెల్వదా?" అన్నాను.

ఆయన కళ్లద్దాలు మళ్లీ పెట్టుకున్నాడు. ఆరు కట్టి ఇచ్చాడు. నేను లేచేసరికే ఇంకొకరు వచ్చి ఆ ఐదో నంబరు జత కొనుక్కుంటున్నారు.

బూట్లు చూసి పిల్లలు వాటిని మంచాల మీద పెట్టుకుని పడుకున్నారు. నా పిల్ల వేసుకుని నాలుగడుగులు వేసి, "వదులున్నయి ఆయమ్మా" అన్నది. "ఒక నంబరు పెద్దయి తెచ్చిన బిడ్డా, నీకే. రెండేండ్లు వస్తయి" అని చెప్పి, పాత చీర ముక్కను ఉండ చేసి ముందు కుక్కాను. అది మళ్లీ నడిచింది. నా ముఖం చూసింది. "మంచిగున్నయి" అన్నది. మేడం జ్వరం దిగక, ఎంపికకు మిగిలిన ఆ రెండు రోజులూ కళ్లం వైపు రాలేదు. పిల్లలు వాళ్లకు వాళ్లే ఆడుకున్నారు. ఆ పిల్ల బూట్లు ఖరాబవుతాయని విప్పి, ఉత్త కాళ్లతోనే ఆడిందని తర్వాత తెలిసింది.

ఎంపిక రోజున మేడం శాలువా కప్పుకుని మాతో ఖమ్మం వచ్చింది. పిల్లలను కనిపెట్టుకోవడానికి నన్నూ తీసుకుపోయింది. మైదానం నిండా పిల్లలు. హైదరాబాద్ నుంచి వచ్చిన సారు ఒకాయన అట్ట పట్టుకుని పేర్లు పిలుస్తున్నాడు. బ్యాచులుగా ఆడిస్తున్నారు. మాది పొద్దున బ్యాచు.

నేను తాడు అవతల నిలబడి చూశాను. ఆ పిల్ల ఎప్పటిలాగే ఉరికింది. ఎప్పటిలాగే ఆగింది. బూట్లు ఆగాయి గానీ కాళ్లు లోపల ముందుకు జారాయి. తూలింది. రెండోసారి బంతి అందుకుని తిరగబోతే రబ్బరు కొన నేలకు తట్టుకుంది. మూడోసారి మోకాళ్ల మీద పడింది. పక్కకు వచ్చి గబగబా గుడ్డ ఉండలు తీసి పారేసి, లేసులు చీలమండకు రెండు చుట్లు చుట్టి మళ్లీ దిగింది. ఇంకా అధ్వాన్నమైంది. వంగి బూట్లు విప్పబోతే సారు ఈల ఊదాడు. "షూ లేకుండా దిగొద్దమ్మా!" మా వాళ్లలో మామూలుగా ఆడే ఒక పిల్ల, దానికి బూట్లు అచ్చంగా సరిపోయాయి, చక్కగా ఆడింది. సారు ఆ పిల్ల పేరు రాసుకున్నాడు.

మేడం నా పిల్లను బయటికి పిలిచి, వంగి, బొటనవేలితో బూటు కొన నొక్కింది. రెండు వేళ్లంత ఖాళీ. బూటు తిప్పి అడుగు చూసింది.

"ఆరున్నది! నేను ఐదు రాసిన గదా?"

నేను నోరు తెరిచే లోపే ఆమే అన్నది. "ఆ దుకాణపోడు నీకు అంకెలు రావని చూసి ఉన్నయి అంటగట్టిండు. సదువు రానోళ్లను చూస్తె గింతే వీళ్లు."

నేను తల ఊపాను. అంత పని చేయాలని అనుకోలేదు. ఆమె నా కోసం ఒక తలుపు తెరిచి పట్టుకున్నట్టు అనిపించింది, దాంట్లోకి నడిచాను.

మేడం సారును బతిమాలింది. ఆయన మంచివాడే. "మూడింటికి ఆఖరు బ్యాచ్ అయిపోతుంది. అప్పటికల్లా సరైన షూతో తీసుకురండి, మళ్లీ చూస్తాను" అన్నాడు. అప్పటికి ఒంటిగంట దాటింది. మా మిగతా పిల్లల బూట్లు దాని కాలికి చిన్నవి. మిగతా పిల్లలను తెలిసిన టీచరుకు అప్పగించి, మేమిద్దరం, ఆ పిల్లా ఆటో ఎక్కాం. దారి పొడవునా నిజం చెప్పాలని నోటిదాకా వచ్చింది. నా కాగితాలు గుర్తొచ్చాయి. రాసిచ్చిన నంబరు కాదని సొంత పెత్తనం చేసిందని హెడ్‌మిస్ట్రెస్ పెద్ద మేడం దాకా పోతే, ఇంక పర్మినెంటు ఎక్కడిది అనుకున్నాను.

దుకాణంలోకి పోతూనే మేడం బూట్లు బల్ల మీద పడేసింది.

"సదువు రాని మనిషి వస్తె గిట్లనేనా చేసేది? ఐదు రాసిస్తె ఆరు కడ్తవా?"

ఆయన ముందు నన్ను గుర్తుపట్టి నవ్వబోయాడు. తర్వాత మాట అర్థమైంది. "మేడం, నేను ఐదే తీసిన. డబ్బా ఇప్పి ముందట పెట్టిన. ఈ అమ్మనే ఆరు ఇయ్యమన్నది."

"ఆమెకు ఐదేందో ఆరేందో ఎట్ల తెలుస్తది? వేలిముద్ర ఏసే మనిషి!"

"అడుగుండ్రి, ఆ అమ్మనే అడుగుండ్రి." నా వైపు తిరిగాడు. "చెప్పమ్మా. వద్దన్న గదా నేను? పిల్లలను సాకినదాన్ని అన్నవ్ గదా?"

ఇద్దరూ నన్ను చూశారు. ఆ పిల్ల గడప దగ్గర ఉత్త కాళ్లతో నిలబడి ఉంది.

"నాకు అంకెలు రావన్నా," అన్నాను. "నువ్వేది ఇస్తె అది తీస్కపోయిన."

ఆయన ముఖం ఎర్రబడలేదు. తెల్లబడింది. చాలా మెల్లగా అన్నాడు. "మేడం, నా దగ్గర ఐదు లేదు. ఈ వరుసల వేరే దుకాణాలున్నయి, దొరుకుతది. ఈ అమ్మ ఉన్నదున్నట్టు ఒక్క మాట చెప్తె ఇప్పటికిప్పుడు పైసలు వాపస్ ఇస్త, పొయ్యి కొనుక్కోండ్రి. నన్ను దొంగను జేస్తె మాత్రం ఒక్క రూపాయి ఇయ్య."

మా దగ్గర బస్సు చార్జీలు తప్ప ఏమీ లేవు. ఆయనకు కావాల్సింది నా నుంచి ఒక్క మాట. "నేనే అడిగిన" అంటే చాలు. అది నాకు తెలుసు. అక్కడ నిలబడ్డ నలుగురిలో తెలియనిది మేడంకు ఒక్కదానికే. ఆ పిల్ల నన్నే చూస్తోంది. నోరు విప్పలేదు. నాకు అంకెలు వచ్చని ఎవరికీ చెప్పనని ఒట్టు వేసిన పిల్ల, ఎట్లా విప్పుతుంది? నేను గోడకు వేలాడేసిన చెప్పుల వైపు చూస్తూ నిలబడ్డాను.

వాదన పెరిగింది. మేడం జ్వరంతో ఊగిపోతూ కంప్లైంటు ఇస్తానన్నది. ఆయన ఇచ్చుకోండ్రి అన్నాడు. రోడ్డు మీద పోయేవాళ్లు ఆగారు. ఎవరో, "అడివోళ్లను మోసం చేస్తవా సేటూ" అని అరిచారు. చివరికి పక్క దుకాణం పెద్దమనిషి ఒకాయన వచ్చి, "లేనిపోని లొల్లి, ఆడపిల్ల ఆట పోతది, ఇచ్చెయ్" అని ఆయన చేయి పట్టుకున్నాడు. ఆయన గల్లా తెరిచి పైసలు బల్ల మీద పెట్టాడు, మేడం చేతికి ఇవ్వలేదు. నాతో మాత్రం, "పిల్ల కోసం ఇస్తున్నమ్మా. నీ కోసం గాదు" అన్నాడు.

నాలుగు దుకాణాల అవతల ఐదో నంబరు దొరికింది. అదే రకం. ఆ పిల్ల రోడ్డు మీదే వేసుకుంది. చేతికి తొడుగు వేసినట్టు పట్టాయి. మళ్లీ ఆటో ఎక్కాం.

మేం పోయేసరికి వలలు విప్పుతున్నారు. సారు అట్టను సంచిలో పెట్టుకుని కుర్చీ మడుస్తున్నాడు. మూడున్నర దాటింది. మేడం ఉరికి పోయి ఆయనతో మాట్లాడుతుంటే, ఆ పిల్ల అడగకుండానే ఖాళీ కోర్టులోకి దిగింది. ఎవరో వదిలేసిన బంతి తీసుకుని, ఆ చివర నుంచి ఉరికి, టక్కున ఆగి, వెనక్కి తిరిగి వేసింది. బంతి రింగు అంచుకు తగలకుండా కిందికి జారింది. మళ్లీ వేసింది. సారు కుర్చీ పట్టుకుని చూశాడు.

"అయ్యో," అన్నాడు. "లిస్టు సంతకాలై పోయిందమ్మా. జీపులో పంపేశాం. జరంత ముందు రావద్దా?"

మా ఆరుగురిలో బూట్లు సరిపోయిన ఆ ఇంకో పిల్లకు సీటు వచ్చింది. బస్సులో అందరూ దాని చుట్టూ చేరి పాటలు పాడారు. నా పిల్ల కూడా పాడింది. మేడం దారంతా దుకాణాయనను తిడుతూనే ఉంది. నడుమ నన్ను ఓదార్చింది. "నువ్వు బాధ పడకు ఆయమ్మా. సదువు రాకపోవుడు నీ తప్పా?" ఆ ఓదార్పు కంటే చెంపమీద కొట్టినా నాకు బాగుండేది.

మరునాడు సాయంత్రం గిన్నెలు కడిగి, వంటామె పోయాక, గుండిగ మూత బోర్లించుకుని కూర్చున్నాను. వస్తుందో రాదో అనుకున్నాను. వచ్చింది. ఎదురుగా కూర్చుని సుద్దముక్కతో ఐదు రాసింది.

"ఇది ఎంత ఆయమ్మా?"

"ఐదు."

పక్కన ఆరు రాసింది. "ఇది?"

"ఆరు."

"వస్తయి గద," అన్నది. సుద్దముక్క మూత మీద పెట్టి లేచిపోయింది. నా మీద కోపంగా ఒక్క మాట అనలేదు. పిలిస్తే పలికేది, నీళ్లు మోసేది, నాకు కాలు బెణికితే నూనె రాసింది. కానీ మళ్లీ నాకు అంకె గానీ అక్షరం గానీ నేర్పలేదు. అడిగే ముఖం నాకూ లేదు.

ఆ తర్వాతి ఏడాదికి నా కాగితాలు తిరిగొచ్చాయి. పర్మినెంటు అయ్యాను. అక్షరాలు ఇంకో ఆరేడేళ్లకు, వేరే పిల్లల దగ్గర, అందరి ముందే కూర్చుని నేర్చుకున్నాను. వంటామె ఎగతాళి చేసింది. ఏమీ కాలేదు. రెండు రోజులు చేసి, మూడో రోజు తన పేరు ఎట్లా రాస్తారో చూపించమన్నది. ఎవరైనా కొత్త ఆఫీసరు వస్తే, "మా ఆయమ్మ సొంతంగా చదువు నేర్చుకుంది సార్" అని టీచర్లు నన్ను ముందుకు నెట్టేవాళ్లు. నేను తల వంచుకునేదాన్ని. సిగ్గు అనుకునేవాళ్లు.

ఆ పిల్ల పది పాసైంది. ఇంటర్‌లో ఒక ఏడు చదివి మానేసింది. పెళ్లయింది. ఇప్పుడు మిరప, పత్తి వేసుకుంటారు. మిరప కోతల కాలంలో కూలీలను మాట్లాడేది, మార్కెట్ యార్డుకు బస్తాలు తెచ్చి ధర కోసం గొడవపడేది అదే. బాగానే బతుకుతోంది. బాగా బతకడం లేదని నేను అనను. కానీ వేరే బతుకు ఒకటి దాని ముందు గంటన్నర పాటు తలుపు తెరుచుకుని ఉంది. ఆ గంటన్నర నేను చెప్పుల వైపు చూస్తూ నిలబడ్డాను.

రిటైరయ్యాక ఒకరోజు ధైర్యం చేసి ఖానాపురం హవేలిలో మేడం ఇంటికి పోయాను. అంతా చెప్పాను. ఆమె చేతిలోని టీ చల్లారిపోయింది. "నేను ఆయనను దొంగ అన్న, ఆయమ్మా, నడిబజార్ల" అన్నది చివరికి. మరునాడు ఇద్దరం దుకాణం వెతుక్కుంటూ పోయాం. అక్కడ సెల్‌ఫోన్లు అమ్ముతున్నారు. బూట్ల దుకాణాయన సత్తుపల్లి వైపు వెళ్లిపోయాడని ఒకరు, బతికి లేడని ఒకరు చెప్పారు. ఇప్పటిదాకా కనుక్కోలేకపోయాం.

ఈ మధ్య మిరప బస్తాలతో ఖమ్మం వచ్చి, ఆ పిల్ల మా ఇంటికి వచ్చింది. పిల్ల అంటున్నాను గానీ దాని కూతురే ఇప్పుడు ఆరో తరగతి. అన్నం తింటుండగా, మేడంకు నిజం చెప్పేశానని చెప్పాను. సంతోషిస్తుందనుకున్నాను.

దాని చేయి కంచంలో ఆగిపోయింది.

"ఎందుకు చెప్పినవ్?"

"మనసుల పెట్టుకోలేక పోయిన బిడ్డా."

"ఇన్నేండ్లు నేను పెట్టుకున్న గద?" అన్నది. గొంతు పెంచలేదు. "మా నాయనకు చెప్పలె. నా పెనిమిటికి చెప్పలె. నీ నౌకరి పోతదని ఆనాడు చెప్పలె, ఎనుకసిరి నువ్వు చిన్నబోతవని చెప్పలె. నువ్వు చెప్పాల్సింది ఆ దుకాణంల. ఆడ చెప్తే నాకు పనికొస్తుండె. ఇప్పుడు చెప్పింది నీకే పనికొచ్చింది ఆయమ్మా."

అది అన్నం పూర్తిగా తిన్నది. కంచం తానే కడిగింది. చీకటి పడకముందే ఊరు చేరాలని షేర్ ఆటో కోసం లేచింది. గడప దాటుతూ, మందులు వేళకు వేసుకొమ్మని చెప్పింది.

ఇది రాస్తానని దానికి అప్పుడే చెప్పాను. రాయొద్దనలేదు, రాయమనీ అనలేదు. మీలో కొత్తగా పనిలో చేరినవాళ్ల కోసం రాస్తున్నాను అనుకుంటూ ఇంతదూరం వచ్చాను. ఇది కూడా నాకోసమే రాసుకున్నానేమో, తెలియదు. మీరు మాత్రం తప్పు జరిగిన రోజునే, ఆ మనిషి ఎదురుగా ఉన్నప్పుడే నోరు తెరవండి. పిల్లలు మీ కోసం ఎంతకాలమైనా ఊరుకుంటారు. వాళ్లను ఊరుకోనివ్వకండి.